టీకా – తాత్పర్యము

మన భాషలో టీకా అను మాటకు రెండర్థములు కలవు. కావ్యము చదువుకొనువారికి టీకా యనగా పద్యములోని పదములకు అర్థము విప్పిచెప్పు వ్యాఖ్య. దాని వెనువెంట తాత్పర్యము వచ్చును. పసిబిడ్డల తల్లులకు టీకా యనగా రోగము రాకుండ చేతిమీద పొడుచు మందు. మొదటిది సంస్కృత వ్యాఖ్యాతలనుండి వచ్చినది. రెండవది ఉత్తరదేశపు భాషలలో బొట్టు, గుర్తు అను అర్థమున వాడుకలోనుండి మనకు చేరినది. ఈ రెండు మాటలకు చుట్టరికము లేదు. అయినను రెండువందల యేండ్ల చరిత్రను పరికించినచో, తాత్పర్యము చెప్పక వేసిన టీకాను జనులు ఎన్నడును మనసార స్వీకరింపలేదని తెలియుచున్నది.

ఈ విషయము ఇప్పుడు తలచుకొనుటకు కారణము కలదు. నల్లమందు జాతికి చెందిన మందులు మోతాదు మించి ప్రాణము తీయకుండ కాపాడు టీకాను కనుగొనుటకు కొన్ని ప్రయోగశాలలలో కృషి జరుగుచున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 2021, 2022, 2023 సంవత్సరములలో ఒక్కొక్క యేట లక్షకు పైగా మనుష్యులు మాదకద్రవ్యముల మోతాదు మించి మరణించిరి. వారిలో అధికసంఖ్యాకులను పొట్టన పెట్టుకొన్నది నల్లమందు జాతి మందులే. మన తెలుగు కుటుంబముల పిల్లలు వేలకొలదిగా చదువులకును ఉద్యోగములకును పోయి నివసించు దేశమది. కనుక ఇది మనకు సంబంధించని దూరపు వార్త కాదు. ఇట్టి టీకా ఇంకను పరీక్షల దశలోనే యున్నది. ఒకవేళ అది ఫలించినను, దానిని వేయించుకొనుటకు జనులు ముందుకు వత్తురా? ఈ ప్రశ్నకు జవాబు శాస్త్రజ్ఞుని సూక్ష్మదర్శినిలో దొరకదు. అది చరిత్రలో వెదకవలసినది. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు సీమలలో నిలిచి వెనుకకు చూచినచో ఆ జవాబు కొంత స్పష్టముగా కనుపించును.

ఉదయగిరి దుర్గము పేరు వినని తెలుగువారుండరు. మూడువేల అడుగులు మించిన ఆ కొండను కృష్ణదేవరాయలు దీర్ఘకాలము ముట్టడించి 1514లో గజపతులనుండి గెలుచుకొనెను. పడమట వెలికొండలు గోడవలె నిలిచి కడప సీమను వేరుచేయుచున్నవి. దక్షిణమున సోమశిల కనుమనుండి వెలువడిన పెన్న ఆత్మకూరు ప్రాంతమును ఒరసికొని తూర్పునకు పారుచున్నది. సముద్రతీరపు మాగాణులవలె కాక ఇది వానకు ఎదురుచూచు నేల. పశువులు, గొఱ్ఱెలు, మేకలు ఇక్కడి రైతుకు సగము బ్రతుకు. నెల్లూరునుండి ఉదయగిరి సుమారు 60 మైళ్ళ దూరము. పందొమ్మిదవ శతాబ్దిలో ఆ దూరమును ఎడ్లబండి మీదనో కాలినడకనో గడపవలెను. పట్టణములోని వైద్యము అక్కడికి చేరుసరికి ఆలస్యమగుట సహజము. మశూచికము మాత్రము ఆలస్యము చేసెడిది కాదు.

ఆ రోగమును మనవారు రోగమని పిలువలేదు. అమ్మవారు పోసినదనిరి. పెద్దమ్మవారు, చిన్నమ్మవారు, ఆటలమ్మ అని తరతమభేదములు చెప్పుకొనిరి. పొలిమేరలోని పోలేరమ్మకు మ్రొక్కిరి. అమ్మవారు పోసిన యింటి గుమ్మమునకు వేపమండలు కట్టిరి. ఆ యింట తాలింపు వేయరాదు. చాకలికి బట్టలు వేయరాదు. పరాయివారు గడప దాటరాదు. రోగి ప్రక్కలో వేపాకులు పరచి, పసుపు రాచి, చల్లని పదార్థములు పెట్టి, అమ్మ చల్లబడిన పిదప నీళ్ళు పోసిరి. ఈ ఆచారములను మూఢవిశ్వాసములని త్రోసిపుచ్చుట సులభము. కాని వేపమండ కట్టిన గుమ్మము దూరమునుండియే హెచ్చరిక చేసెడిది. ఆ హద్దు వలన రోగిని విడిగా ఉంచుట జరిగెడిది. మందులేని కాలమున మనుష్యుడు చేయగలిగినది అంతకు మించి లేదు. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ తల్లికి తన బిడ్డకు వచ్చిన ఆపద ఎక్కడిది, తానేమి చేయవలెను అను రెండు ప్రశ్నలకు ఆ నమ్మకము జవాబు చెప్పినది. క్రొత్తగా వచ్చిన టీకాకు పోటీగా నిలిచినది ఈ జవాబే.

ఎడ్వర్డు జెన్నరు 1796లో గోమశూచికపు రసమును ఒక బాలుని చేతికెక్కించి మశూచికమును నివారింపవచ్చునని చూపెను. 1798లో ఆ సంగతి గ్రంథముగా వెలువడినది. ఆ రసము వియన్నా, కాన్‌స్టాంటినోపిల్, బాగ్దాదు, బస్రాల మీదుగా చేయి నుండి చేతికి మారుచు 1802లో బొంబాయికి చేరెను. ఆ యేటి జూన్ 14వ తేదీన మూడేండ్ల వయసుగల అన్నా డస్ట్‌హాల్ అను పాపకు బొంబాయిలో టీకా వేయబడినది. భారతదేశమున సఫలమైన మొదటి టీకా అదియే. ఆ బిడ్డ చేతి పొక్కు నుండి తీసిన రసమే ఇతరులకు ఎక్కింపబడి, ఆ యేడే మద్రాసు వైపునకును ప్రయాణము చేసెను.

చేయి నుండి చేతికి అను పద్ధతి ఎట్టిదో గ్రహించినచో నాటి జనుల వెనుకంజకు కారణము తెలియగలదు. ఒక బిడ్డకు టీకా వేసినచో ఎనిమిదవ నాటికి పొక్కు నీరు పట్టును. ఆ బిడ్డను మరియొక చోటికి కొనిపోయి, ఆ పొక్కును గ్రుచ్చి, ఆ రసమును ఇంకొక బిడ్డకు ఎక్కించెడివారు. బిడ్డకు పొక్కు నొప్పి, ఒకవంక జ్వరము. తల్లి కూలి పోవును. ఏ కులపు బిడ్డ చేతి రసము ఏ కులపు బిడ్డ చేతిలో చేరుచున్నదో అను శంక వేరొకటి. ఒక్కొక్కప్పుడు రసముతోపాటు ఇతర రోగములు కూడ సంక్రమించుట కద్దు. రసమును గాజుపలకల మధ్య భద్రపరచి పంపినను ఎండవేడికి అది చచ్చుపడెడిది. అందుచేతనే టీకాల పని చలికాలమునకు పరిమితమయ్యెను. ఎండ మండు మెట్ట గ్రామములలో టీకా వేయించుకొన్న వానికిని మరుసటి యేట అమ్మవారు పోసినచో, ఊరివారు టీకా నమ్మదగినది కాదనుకొనుటలో తప్పేమున్నది? అది అజ్ఞానము కాదు. కంటితో చూచిన అనుభవము.

పాలకులు జనుల మనసు త్రిప్పుటకు పలు ఉపాయములు పన్నిరి. థామస్ హికీ 1805 ప్రాంతమున చిత్రించిన మైసూరు రాణుల పటమొకటి కలదు. అందొక రాణి తన చేతిపై టీకా వేసిన చోటును చూపుచున్నట్లు చరిత్రకారులు గుర్తించిరి. రాణివాసమే వేయించుకొన్నదని తెలిసినచో సామాన్యులకు ధైర్యము కలుగునని దాని భావము.

ఇంతకంటె విచిత్రమైనది ఎల్లిస్ దొర కథ. ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ మద్రాసు కలెక్టరుగా నుండెను. 1816లో అచ్చయిన కాంబెల్ దొర తెలుగు వ్యాకరణమునకు పీఠిక వ్రాసి, తెలుగు సంస్కృతమునుండి పుట్టిన భాష కాదని నిరూపించినవాడు ఈయనే. జనులను టీకావైపు త్రిప్పుటకై ఈయన అరవములో గోమశూచికపు పుట్టుకను గూర్చి ధన్వంతరికిని దేవికిని జరిగిన సంభాషణగా ఒక పురాణకథను కల్పించెను. 1819లో మద్రాసు కొరియర్ పత్రికలో, టీకా విధానము ధన్వంతరి చెప్పిన శాస్త్రములోనే కలదని ఒక సంస్కృత ప్రమాణమును ఎవరో ప్రకటించిరి. అది ప్రాచీనము కాదని, కల్పితమని తరువాతి పండితులు తేల్చిరి. ఈ ప్రయత్నముల వెనుక సదుద్దేశము లేకపోలేదు. కాని టీకా ఎట్లు పనిచేయునో, ఎవరికి బాధ కలుగునో, ఎప్పుడు విఫలమగునో చెప్పుటకు మారుగా ప్రాచీనతను అరువు తెచ్చుకొనిరి. తాత్పర్యమునకు బదులు కట్టుకథ చెప్పిరి. కట్టుకథ బయటపడిన నాడు దానితోపాటు నిజము కూడ చులకనయగును.

తరువాత చట్టము వచ్చెను. 1880 నాటి టీకాల చట్టము మునిసిపాలిటీలలోను కంటోన్మెంటులలోను నిర్బంధ టీకాలకు వీలు కల్పించినది. గ్రామసీమలు దాని పరిధికి వెలుపలనే యుండెను. కావున ఉదయగిరి, ఆత్మకూరు వంటి చోట్ల టీకాలవాని పని నచ్చచెప్పుటయే. క్రమముగా చేయి నుండి చేతికి మార్చు పద్ధతి పోయి, దూడలపై రసము తయారుచేయు పద్ధతి వచ్చెను. 1899లో గిండీలో స్థాపింపబడిన కింగ్ సంస్థ మద్రాసు రాజధానికంతకు ఈ రసమును సరఫరా చేసినది. పరాయి బిడ్డ చేతి రసమను బెడద తొలగిన పిదప వెనుకటి అభ్యంతరములలో పెద్దది తగ్గెను. జనుల మనసు మారుటకు మందే మారవలసి వచ్చినది. ఇది గమనింపదగిన సంగతి. అభ్యంతరములన్నియు అపోహలే యని కొట్టివేసినవారు మందును బాగుచేసి యుండరు.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప క్షయనివారణకై బి.సి.జి. టీకా వచ్చెను. 1948లో మన దేశమున అది మొదలైన చోట్లలో చిత్తూరు జిల్లా మదనపల్లె యొకటి. 1951 నుండి దేశవ్యాప్తముగా సాగినది. 1955లో చక్రవర్తి రాజగోపాలాచారిగారు దానిని బహిరంగముగా వ్యతిరేకించి ఒక పుస్తకమే ప్రకటించిరి. గవర్నరు జనరలుగాను ముఖ్యమంత్రిగాను పనిచేసిన రాజాజీని పామరుడని ఎవరనగలరు? ఆరోగ్యవంతులైన బిడ్డలందరికి ఇట్లు మూకుమ్మడిగా టీకాలు వేయుటకు తగిన రుజువు కలదా అని ఆయన నిలదీసెను. ప్రభుత్వము టీకాను సమర్థించెను. 1968లో మద్రాసు సమీపమున చెంగల్పట్టు జిల్లాలో మహాపరీక్ష యొకటి ఆరంభమయ్యెను. 1979లో వెలువడిన ఫలితములలో, పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపలేదని తేలెను. పసిబిడ్డల మెదడు పొరలకు సోకు క్షయ మొదలగు ఘోరరూపములనుండి అది రక్షించును గనుక నేటికిని శిశువులకు వేయుచున్నారు. రాజాజీ చెప్పినదంతయు సత్యము కాదు. ప్రభుత్వము ఆశించినదంతయు నెరవేరలేదు. ప్రశ్న అడిగినవానిని ద్రోహిగా చూడక, ప్రశ్నకు పరీక్షతో జవాబు వెదకుటయే మేలైన మార్గమని ఈ ఉదంతము తెలుపుచున్నది.

మశూచికపు కథ చివరి ఘట్టము ఇంకొక పాఠము చెప్పును. 1962లో జాతీయ నిర్మూలన కార్యక్రమము ఆరంభమైనది. హైదరాబాదులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ కూడ ఎండకు చెడని పొడిటీకాను తయారుచేసినది. చర్మమును గీరి బాధించు పాత పనిముట్టు పోయి రెండు మొనల సూది వచ్చెను. అయినను కోట్లకొలది టీకాలు వేసినంతమాత్రమున వ్యాధి పోలేదు. ఎక్కడ అమ్మవారు పోసినదో వెంటనే తెలిసికొని, ఆ యింటి చుట్టును ఉన్నవారికి టీకాలు వేయు పద్ధతి వచ్చిన పిదపనే అది అణగినది. అందుకు జనులు దాచక చెప్పవలెను. పనివారు రోగి చిత్రమును చేతబట్టి సంతలలోను బడులలోను చూపి అడిగిరి. సంగతి తెలిపినవారికి బహుమానములిచ్చిరి. చివరి దినములలో ఆ బహుమానము వెయ్యి రూపాయలకు పెరిగెను. 1975 మే నెలతో భారతదేశమున మశూచికము అంతరించినది. 1980 మే 8వ తేదీన ప్రపంచమంతట అది నశించినదని ప్రకటింపబడినది. దాచుకొన్న ఇల్లు చెప్పుకొను ఇల్లయిన నాడే ఆ విజయము సిద్ధించినది.

అంతమాత్రమున తాత్పర్యము చెప్పు అలవాటు స్థిరపడలేదు. 2009లో నాటి ఖమ్మము జిల్లాలో, భద్రాచలము మొదలగు మండలములలో, గర్భాశయ ముఖద్వారపు కాన్సరును నివారించు టీకాను పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు సుమారు 14,000 మందికి ప్రదర్శనాత్మకముగా వేసిరి. వారిలో అనేకులు గిరిజనుల పిల్లలు, హాస్టళ్ళలో ఉండువారు. కొందరు బాలికలు మరణించిరి. ఆ మరణములకు టీకా కారణము కాదని విచారణ సంఘము భావించెను. కాని తల్లిదండ్రులకు మారుగా వార్డెన్లు సమ్మతి పత్రములపై సంతకములు చేసిన సంగతి బయటపడెను. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమము నిలిపివేయబడినది. 2013లో పార్లమెంటు సంఘము తీవ్రముగా తప్పుపట్టెను. మేలుచేయు మందే అయినను, అడుగవలసినవారిని అడుగకపోవుటచేత మందుపై అనుమానము మిగిలినది.

2021లో నెల్లూరు జిల్లా తీరమందలి కృష్ణపట్నమునకు వేలకొలది జనులు తరలివచ్చిరి. కరోనా భయము నాడు ఆనందయ్య ఇచ్చు మూలికల మందు కొరకు బారులు తీరిరి. అది రోగమును కుదుర్చునను రుజువు లేదు. ఆ యేడే హైదరాబాదులో తయారైన కోవాక్సిన్ టీకాను గూర్చి సంశయించినవారును ఉండిరి. మనవారు మందును కాదనువారు కారని దీనివలన తెలియుచున్నది. తమలో ఒకడు, తమ భాషలో, తమ కంటి యెదుట చేసి యిచ్చినదానిని నమ్మిరి. నమ్మకము సూదికంటె ముందు మనిషిని చూచును.

ఇక నల్లమందు సంగతికి వత్తము. దీనికిని మన యిండ్లలో పాత పరిచయము కలదు. కూలికి పోవు తల్లులు బిడ్డ నిద్రించుటకు ఆవగింజంత నల్లమందు నాకించుట దేశమున పలుచోట్ల వాడుక. గోదావరి ఏజెన్సీలో చలిజ్వరమునకు విరుగుడుగా దానిని మ్రింగెడివారు. 1893లో నియమింపబడిన రాయల్ కమిషను ఇట్టి వాడుకలను విచారించినది. అప్పటి ప్రభుత్వము లైసెన్సు దుకాణములలో దానిని అమ్మి ఆదాయము గడించుచుండెను. వైద్యమునకు తప్ప నల్లమందు వాడుక 1959లో దేశమంతట నిషేధింపబడినది. నేడు ప్రాణములు తీయుచున్నవి దానికంటె ఎన్నో రెట్లు బలమైన ఫెంటనిల్ వంటి కృత్రిమ మందులు. మోతాదు మించినచో ఇవి మెదడులో ఊపిరిని నడపు కేంద్రమును నిద్రపుచ్చును. మనిషి నొప్పి తెలియకయే ఊపిరి ఆగి మరణించును. నాలోక్సోన్ అను విరుగుడు కలదు. కాని అది ఇచ్చుటకు ఆ క్షణమున ప్రక్కన మరియొకడుండవలెను.

టీకా చేయదలచినది ముందుగా కాపలా పెట్టుట. ఈ మందు కణము మిక్కిలి చిన్నది గనుక శరీరములోని రక్షకభటుల కంట పడదు. దానిని ఒక పెద్ద మాంసకృత్తుకు అంటగట్టి చూపినచో, ఊరి తలారి దొంగను గుర్తుపెట్టుకొన్నట్లు శరీరము గుర్తుపెట్టుకొనును. పిమ్మట ఆ మందు రక్తములో ప్రవేశించినప్పుడు ప్రతిరక్షకములు దానిని పట్టుకొని మెదడునకు పోనీయవు. ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1974లో నేచర్ పత్రికలో ప్రకటించిన ప్రయోగమున, హెరాయినుకు అలవాటుపడిన ఒక కోతికి ఇట్టి టీకా వేయగా అది ఆ మందుకై చేయు తాపత్రయము తగ్గినది. మోతాదు బాగుగ పెంచినచో రక్షణ చాలలేదు. తరువాత ఆ పని చాలకాలము మూలబడెను. 2021లో కొలంబియా విశ్వవిద్యాలయమున ఆక్సికోడోన్ టీకాను మనుష్యులపై పరీక్షించుట మొదలైనది. 2022లో హ్యూస్టన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఎలుకలలో ఫెంటనిల్ టీకా ఫలితములను ప్రకటించిరి. ఒక టీకా ఒక జాతి మందునే పట్టును; తక్కినవి తప్పించుకొని పోవచ్చును. అలవాటును మాన్పు చికిత్సకు ఇది సాయమే గాని బదులు కాదు.

దీనిని జనులు ఎట్లు చూతురు? మశూచికపు కథ తెలిసినవారికి కొన్ని సంగతులు ముందుగానే కనుపించును. అమ్మవారు పోసిన ఇంటికంటె ఈ రోగమున్న ఇల్లు ఎక్కువగా దాచుకొనును. అక్కడ భయముండెను, ఇక్కడ సిగ్గు కలదు. కోరి తెచ్చుకొన్నవానికి మందేల అనువారుందురు. టీకా ఉన్నది కదా అని మోతాదు పెంచునేమో అనువారుందురు. రేపు కాలు విరిగిన నాడు నొప్పి తగ్గించు మందు పనిచేయునా అని తల్లి యడుగును. కారాగారములో నున్నవానికి, న్యాయస్థానము పంపినవానికి, ఇంకను మైనారిటీ తీరని పిల్లవానికి, నీకు ఇష్టమేనా అని ఎవరడుగుదురు? ఖమ్మపు హాస్టలు వార్డెను సంతకము ఇక్కడ మరల గుర్తుకు వచ్చును. ఇవి వెఱ్ఱి ప్రశ్నలు కావు. ఒక్కొక్కదానికి జవాబు కలదు, లేదా జవాబు ఇంకను తెలియదని ఒప్పుకొనవలసియున్నది. అట్లు ఒప్పుకొనుట కూడ తాత్పర్యములో భాగమే.

ఒకప్పుడు ఎడ్లబండి దారిని ఉదయగిరికి పోయిన టీకాలవాడు తన పెట్టెలో రసమును మాత్రమే కాక, ఊరివారి ప్రశ్నలకు జవాబులను కూడ మోసికొనిపోవలసి వచ్చెను. నేడు ఆ పనిని ఆశా కార్యకర్తలును ఉపకేంద్రములలోని నర్సులును చేయుచున్నారు. వారు ఊరి భాషలో, అరుగుమీద కూర్చుండి, అడిగినదానికెల్ల ఓర్పుతో బదులు చెప్పుదురు గనుకనే తల్లులు బిడ్డలను ఎత్తుకొని వచ్చుచున్నారు. రేపటి క్రొత్త టీకాను ఏ ప్రయోగశాల తయారుచేసినను, దానిని గడప దాటించునది ఆ సంభాషణయే.